నెమరేసే నంది

“అది బయటికి పోతేనే నేను లోపలికొచ్చేది. ఇదే నా ఆఖరి మాట.”

తెల్లారినప్పటి నుంచి జీవమ్మ ఆఖరి మాటలు చాలానే చెప్పింది. వసారాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, వీధి వైపు మొహం పెట్టి కూర్చుంది. పక్కనే నీళ్ళ చెంబు, విసనకర్ర, కళ్ళజోడు పెట్టె. ఇంత ఏర్పాటుగా అలిగిన మనిషిని ఆ వీధి ఎన్నడూ చూడలేదు. పాలు పోసే ఆమె కూడా ఇవాళ చెంబు కడిగేదాకా ఆగి మరీ చూసి వెళ్ళింది.

లోపల ముందుగదిలో, ఫ్యాను కింద, నంది కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. వెదురు బద్దల మీద పాత పేపర్లు పొరలు పొరలుగా అంటించి, పైన సుద్ద పూసి చేసిన నంది. కూర్చున్నా తలుపు గొళ్ళెం అంత ఎత్తుంది. ప్రియదర్శిని దాని మెడ పక్కన చేతిలో కుంచెతో నిలబడి, వసారాలో ఉన్న అత్తతో గుమ్మంలోంచే మాట్లాడుతోంది.

“అత్తా, నిన్నటిదాకా దాని కొమ్ముకే గదా నీ టవాలు ఆరేసినావు?”

“నిన్న దానికి కండ్లు లేవు. పొద్దున లేచి చూస్తే కండ్లొచ్చినాయి. నేను యాడికి పోతే ఆడికి చూస్తాండాది.”

“బొమ్మత్తా అది.”

“బొమ్మలే వద్దన్నాడు దేవుడు. ఆ ఆజ్ఞ నీకు తెల్దా? ఆదివారం బడిలో పిల్లోల్లకు చెప్పేది నువ్వే గదా.”

ప్రియదర్శిని చేతిలోని కుంచె వైపు చూసుకుంది. చెప్పేది తనే మరి.

ఆమె మామ సామ్యేలు, రిటైరైన లెక్కల మాస్టారు, రెండు గ్లాసుల టీ పట్టుకుని గుమ్మం మీద నిలబడ్డాడు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. పెళ్ళైనప్పటి నుంచీ ఆయన రాజకీయం అదే.

“నన్నడిగితే...” అన్నాడు.

“నిన్నెవురడిగినారు?” అంది జీవమ్మ.

“ఊరికే ఉండు మామా,” అంది ప్రియదర్శిని.

ఆయన రెండు గ్లాసుల టీ తనే తాగేశాడు. కొడుకు ఎడ్విన్ విత్తనాల కంపెనీ పని మీద ఊళ్ళు పట్టుకుని తిరుగుతున్నాడు. ఇంట్లో గొడవని ఫోన్లో చెబితే చాలు, అతనికి సిగ్నల్ పోతుంది.

“శుక్రవారం స్త్రీల కూడిక మనింట్లో. మర్చిపోయినావా? దెబోరా వస్తాది, ఏంజెల్ వస్తాది, సంఘంలో ఆడోల్లంతా వస్తారు. వచ్చి యాడ మోకరించల్ల? ఆ నంది ముందరనా? ఆదివారం గుడిలో పాస్టరమ్మ మొగం నేనెట్ల చూసేది?”

ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే ప్రియదర్శినికి ఒళ్ళు మండింది. న్యాయం లేని మాటైతే నవ్వి ఊరుకునేది.

“సోమవారం పొద్దున బండొస్తాది. విజయవాడ ప్రదర్శనకి స్టాలు రాపిచ్చుకున్నాం. పోయినసారి మనల్ని క్యాంటీన్ ఎనకాల పెట్టినారు, గుర్తుందా? వచ్చినోల్లంతా ఎంగిలి ప్లేట్లతో వచ్చి, చేతులు కడుక్కునేది యాడమ్మా అని అడిగిపోయినారు. ఒక్క దుకాణమాయన మన లాంతరు తొడుగుల్ని చూడలే, నచ్చత్రాల్ని చూడలే. ఈసారి వాల్లే చెప్పినారు, మీ ఊరి గుర్తు ఏదైనా పెద్దగా చేసి పెడితే ముందు వరస ఇస్తామని. నంద్యాలకి నంది గాక ఇంగేం పెట్టల్ల?”

“శనగకాయ పెట్టు.”

సామ్యేలు పొలమారి దగ్గాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ వారం రోజులుగా నిద్ర లేని మనిషి నోరు తన మాట వినదు.

“నాకు తెలుసులే అత్తా. నంది లేకుంటే ముందు వరస లేదు. ముందు వరస లేకుంటే ఆర్డర్లు రావు. ఆర్డర్లు రాకుంటే ఈ కాగితాల పని మానేసి బడి ఉద్యోగానికి పోతానని నీకు మాటిచ్చినా. నీక్కావల్సింది అదే గదా.”

విసనకర్ర ఆగిపోయింది.

ఎదురింటి మేడ మీద ఎవరో దుప్పటి దులుపుతున్నారు. ఆ దుప్పటి దులిపి, మడిచి, లోపలికి తీసుకెళ్ళిందాకా జీవమ్మ దాన్నే చూసింది.

“పొద్దున్నే లేచి చింతగింజల జిగురు కాచిచ్చేది ఎవురు?” అంది చివరికి, వెనక్కి తిరక్కుండానే. “నీ పని చెడాలనుకుంటే నేను వసారాలో కూచోవల్సిన పనేముంది? జిగురు రొంత పల్చగా కాచింటే సరిపోయేది గదా.”

ప్రియదర్శినికి తల కొట్టేసినట్టయింది. క్రిస్మస్ నక్షత్రాలకు జిగురు కాచడంలో ఆ సంఘంలో జీవమ్మను మించినవాళ్ళు లేరు. నంది ఇంత గట్టిగా నిలబడిందంటే ఆ జిగురు పుణ్యమే. క్షమించమని అడగడానికి గుమ్మం దాటబోయింది. ఇంతలో స్కూటర్ వచ్చి ఆగింది.

వచ్చింది ఉషశ్రీ. వాళ్ళది బజారులో పుస్తకాలు, అట్టలు, రంగు కాగితాలు అమ్మే దుకాణం. ప్రియదర్శిని చేస్తుంది, ఉషశ్రీ అమ్ముతుంది. ఇద్దరి స్నేహం ఒక రంగు కాగితం కట్ట దగ్గర మొదలై స్టాలుదాకా వచ్చింది. ఉషశ్రీ ఉత్సాహమొస్తే నోటికి మూత పెట్టదు. ఇవాళ మాత్రం స్కూటర్ దిగుతూనే నిట్టూర్చింది.

“ప్రియక్కా, కొంప మునిగింది. నువ్వు రాత్రి పంపిన ఫొటో మా అత్తకు చూపిచ్చినా. కండ్లు చూసి చెంపలేసుకున్యాది. అంతలోనే కోపమొచ్చింది. నందీశ్వరుని కడుపులో సినిమా పేపర్లు పెట్టినారా, ఓట్లడిగేవాల్ల మొగాలు పెట్టినారా అని ఒకటే గోల. కండ్లు తెరిచిన దేవుణ్ణి పూజ లేకుండా ఉంచితే ఇంటికి అరిష్టమంట. రేపు పూజకు అయ్యవార్ని పిల్చుకోని, టెంకాయలు తీసుకోని వస్తాదంట.”

“యాడికి?” అంది జీవమ్మ.

“ఈడికే, పెద్దమ్మా.”

“మా ఇంటికా!”

సామ్యేలు గుమ్మానికి ఆనుకుని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. “శబాష్! ఈ పిల్ల అత్త లక్ష్మీనరసమ్మా నువ్వూ ఇన్నాళ్ళకి ఒక మాట మీదికొచ్చినారు. ఇద్దరికీ ఆ కండ్లే పడలేదు.”

జీవమ్మ కుర్చీలోంచి లేచింది. “ఈ ఎద్దు కొలతలన్నీ ఎవురిచ్చినారు? ఆళ్ళగడ్డ ఆచారే గదా. ఆయన రాతి నందిని చూసే గదా నువ్వు చేసింది. పాండి. ఆయన ఎద్దు ఆయనకే ఇచ్చేసొస్తాం.”

నంది తల విడిగా వస్తుంది. మెడలో ఉన్న వెదురు గుంజకు తొడిగి బిగించేలా చేసింది ప్రియదర్శిని. ఆ తలను ఊడదీసి, ఉషశ్రీ ఇంటికెళ్ళి తెచ్చిన కారులో పెట్టారు. ఎక్కడ పెట్టాలన్నది ఇంకో గొడవ. వెనక సీటులో పెడితే జీవమ్మ ఎక్కదు. ప్రియదర్శిని ముందు కూర్చుని ఒళ్ళో పెట్టుకుంటే కారు నడిపే ఉషశ్రీకి పక్క అద్దం కనపడదు. చివరికి ముందు సీటులో కూర్చోబెట్టి బెల్టు పెట్టి, కళ్ళ మీద జీవమ్మ తువ్వాలే కప్పారు.

ఆళ్ళగడ్డ చేరేలోగా ప్రియదర్శిని రెండుసార్లు “అత్తా” అంది. జీవమ్మ రెండుసార్లూ కిటికీ అద్దం దించింది.

గిరీశాచారి కార్ఖానాలో రాయి కోసే మోత చెవులు గింగురుమనిపిస్తోంది. ఆయన కనుబొమల దాకా తెల్లటి దుమ్ము. షెడ్డు నిండా సగం చెక్కిన దేవుళ్ళు, ద్వారపాలకులు, ఎవరిదో ఊళ్ళో పెద్దమనిషి విగ్రహం. వీళ్ళను చూసి ఆయన మిషను ఆపించాడు.

జీవమ్మ ఎద్దును వాపసు ఇద్దామని వచ్చింది గానీ, ఆమె చూపు ఇంకో చోట చిక్కుకుంది. షెడ్డు మధ్యలో పెద్ద రాతి నంది. దాని కొమ్ములకు పనివాళ్ళ అన్నం క్యారేజీలు వేలాడుతున్నాయి. వీపు మీద ఒక చొక్కా ఆరేసి ఉంది. ఒకతను దాని డొక్కకు ఆనుకుని కునుకు తీస్తున్నాడు.

“ఏమప్పా ఆచారీ, దేవునికి క్యారేజీలు తగిలిచ్చినారే?”

“దేవుడు యాడుండాడక్కా ఈడ? ఉండేవన్నీ రాళ్ళే,” అన్నాడు గిరీశాచారి. “దాని మొగం రొంత దగ్గర్నుంచి చూడు.”

జీవమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. మెడలో గంటలు ఉన్నాయి, మూపురం ఉంది, ముక్కు పుటాలు కూడా ఉన్నాయి. కళ్ళుండాల్సిన చోట నున్నటి రాయి. చుట్టూ చూసింది. షెడ్డులో ఏ దేవుడికీ కళ్ళు లేవు.

ఈలోగా ఆచారి కారు దగ్గరకెళ్ళి, తువ్వాలు ఎత్తి, పాముని చూసినట్టు వెనక్కి జరిగాడు. “ఏం తల్లీ! కండ్లు ముందే పెట్టేసినావేందీ!”

“మేం బొమ్మ చేస్తే ముందు కండ్లే గదన్నా పెట్టేది. కండ్లు కుదిరితేనే మొగం కుదురుతాది,” అంది ప్రియదర్శిని.

“మా పనిలో అట్ల గాదు. కండ్లు ఆఖరికి. రాయి గుడికి పోయినాక, మంచి గడియ చూసి, బంగారు సూదితో గీసి తెరిపిస్తాం. దానికి పూజ ఉండాది, నియమం ఉండాది. అంతవరకు మేం దాని మీదెక్కి కూచుంటాం, దాని నీడలో పండుకుంటాం. తప్పు లేదు.” తల గోక్కున్నాడు. “కొలతలిచ్చేటప్పుడు ఈ మాట చెప్పల్లని నాకు తట్టలేదు. కాగితం నందికి ఇవన్నీ ఎందుకులే అనుకున్యా.”

“అయితే కండ్లు లేకుంటే అది ఎద్దేనా?” అని అడిగింది జీవమ్మ.

“ఎద్దు గూడా గాదక్కా. మాది రాయి. మీది పేపరు.”

జీవమ్మ సంచిలోంచి డబ్బా తీసింది. రాతి నంది నీడలో చదునుగా ఉన్న రాయి చూసుకుని కూర్చుని, జొన్నరొట్టె విరిచి, చెనిగ్గింజల కారం అద్దుకుని తినడం మొదలుపెట్టింది. పొద్దుటి నుంచీ ఆమె నోట్లో పెట్టిన మొదటి ముద్ద అది. చూసిన ప్రియదర్శినికి గుండెల మీంచి బరువు దిగింది. ఉషశ్రీ వెంటనే తన అత్తకు ఫోన్ కలిపి ఆచారి చేతికిచ్చింది. “కండ్లు మూపిచ్చేస్తాం తల్లీ, అప్పుడింగ అయ్యవారితో పనేముండాది” అని ఆయన అరుస్తుంటే షెడ్డంతా నవ్వింది.

కళ్ళ మీద తెల్ల కాగితం అంటించడం నిమిషం పని. అంటించాక ప్రియదర్శిని దూరం జరిగి చూసింది. మొహం చచ్చిపోయింది. గోడ మీద మొహం గీసి కళ్ళు మర్చిపోయినట్టుంది.

“దీన్ని ముందు వరసలో పెట్టినా ఎవురు చూస్తారు?” అంది ఏడుపు గొంతుతో. “క్యాంటీన్ ఎనకాలే మేలు.”

జీవమ్మ రొట్టె నములుతూ ఆ తలనే చూస్తోంది. ఈసారి తప్పించుకోకుండా, తల పక్కకు వంచి చూస్తోంది.

“పగిడ్యాలలో మా నాయనకొక ఎద్దుండె. మచ్చోడు అనేటోల్లం,” అంది. “సేద్యం చేసొచ్చి కట్టేస్తే, సొప్ప తిని పండుకోని నెమరేస్తాండె. అప్పుడు దానికి కండ్లుండవా? ఉంటాయి. మూసుకోనుంటాది. పూర్తిగా గాదు, ఇట్ల... మత్తుగా. దాన్ని చూస్తే మాకు గూడా నిద్రొస్తాండె.”

చెబుతూ చెబుతూ తనే కళ్ళు సగం మూసి, దవడ ఒక పక్కకు లాగి నమిలి చూపించింది. ఉషశ్రీ పకపకా నవ్వింది. ప్రియదర్శిని నవ్వలేదు. అత్త మొహాన్నే చూస్తూ ఉండిపోయింది.

“అత్తా, మల్లా ఒకసారి నములు.”

“ఏందే, ఎగతాళా?”

“నీ దండం పెడతా, నములత్తా!”

మర్నాడు ముందుగదిలో వసారా కుర్చీ కూడా చేరింది. జీవమ్మ కాచిన జిగురు గిన్నె మధ్యలో పెట్టుకుని అత్తాకోడళ్ళు చెరో పక్కన కూర్చున్నారు. గోధుమరంగు కాగితాన్ని తడిపి, నలిపి, సన్నగా చించి, కళ్ళ మీద రెప్పలు దింపారు. రెప్పల కింద ముడతలు జీవమ్మే పెట్టింది, పూరీ అంచు నొక్కినట్టు వేలి కొసతో. దవడను ఒక పక్కకి జరపడానికి ప్రియదర్శిని ఉన్న దవడ కోసేసి మళ్ళీ కట్టింది.

“నిన్న నేనన్న మాట...” అంది మధ్యలో.

“దవడ చూసుకో. వంకర పోతాంది,” అంది జీవమ్మ.

అంతే. ఆ సంగతి వాళ్ళ మధ్య మళ్ళీ రాలేదు.

శుక్రవారం కూడికకు వచ్చిన ఆడవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయారు. దెబోరా నోటి మీద చెయ్యి పెట్టుకుంది. జీవమ్మ మాత్రం నిబ్బరంగా చాప పరిచింది. “అది నంది గాదు, మా పగిడ్యాల మచ్చోడు. నెమరేస్తాండాడు. పాట మొదలుపెట్టండి.”

పాట అయింది. ప్రార్థన మొదలైంది. అందరూ తలలు వంచారు గానీ ఒక్కొక్కరే ఓరకంట ఎద్దును చూడడం, పక్కనున్నామె చూస్తోందేమోనని మళ్ళీ కళ్ళు మూయడం. వంటింట్లోంచి తొంగిచూసిన సామ్యేలు తర్వాత ఆ మాటే అన్నాడు. “ఇయ్యాల ప్రార్థనలో కడదాకా కండ్లు మూసుకున్యాది ఆ ఎద్దొక్కటే.”

ఆఖరి ప్రార్థన జీవమ్మ చేసింది. జబ్బుగా ఉన్నవాళ్ళ కోసం చేసింది, వానల కోసం చేసింది. గొంతు కాస్త తగ్గించి, కోడలి స్టాలుకు ముందు వరస దొరకాలని కూడా అడిగింది. ప్రియదర్శిని కళ్ళు తెరిచి అత్త వైపు చూసింది. తను ఓడిపోతే గెలిచేది జీవమ్మ. ఆ జీవమ్మ మోకాళ్ళ మీద ఉండి, కోడలు ఓడిపోకూడదని దేవుణ్ణి అడుగుతోంది. ప్రియదర్శినికి దుఃఖం ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది.

టీలయ్యాక ఎవరూ ఇంటికి పోలేదు. ఏంజెల్ కాగితపు గంటలు మడిచింది, దెబోరా కొమ్ములకు కుచ్చులు కట్టింది. “ఏరువాక పండగకి గదా ఇట్ల కట్టేది, మనకెందుకులే” అని ఎవరో అంటే జీవమ్మ ఊరుకోలేదు. “పండగ మాది గాకపోవచ్చు. ఎద్దు మాదే. పున్నమినాడు మా నాయన గూడా కొమ్ములకి రంగు పూస్తాండె” అంది.

సోమవారం పొద్దున టెంపో వాకిట్లోకి వచ్చింది. లాంతరు తొడుగుల పెట్టెలు ఎక్కాయి, విప్పి మడిచే అట్టల అరలు ఎక్కాయి, నక్షత్రాల కట్టలు ఎక్కాయి. ఎద్దును మాత్రం తల తియ్యకుండా నలుగురు పట్టి పైకెక్కించారు. ఎండ పడ్డ మొహంలో ఆ సగం మూసిన రెప్పలు చూసి టెంపో డ్రైవరు కూడా “ఏం నిద్ర పోతాందప్పా ఇది!” అన్నాడు.

అప్పుడు ఇంట్లోంచి జీవమ్మ వచ్చింది. ఆదివారం గుడికి కట్టే చీర, చేతిలో బట్టల సంచి.

“యాడికత్తా?”

“విజయవాడకి. దాన్ని ఒక్కదాన్నే పంపుతారా? జిగురు ఊడితే కాచేది ఎవురు?”

సామ్యేలు సంచి అందుకుని కిమ్మనకుండా టెంపోలో పెట్టాడు. ఇంటి తాళంచెవి తనకు దక్కినందుకు ఆయన మొహం వెలిగిపోతోంది. జీవమ్మ ఎద్దు పక్కనే పెట్టె మీద కూర్చుని, దారిలో దుమ్ము పడకుండా దాని కళ్ళ మీద తన తువ్వాలు కప్పింది.

అంతలో ఉషశ్రీ స్కూటర్ మీద దూసుకొచ్చింది. దిగకముందే కేక. “ప్రియక్కా! ముందు వరస గాదు! గేటు కాడనే! మొదటి గేటు కాడ, వాకిట్లో నిలబెడతారంట మన ఎద్దుని! ఇప్పుడే ఫోన్ చేసినారు!”

ప్రియదర్శిని ఆమెను పట్టుకుని గిర్రున తిప్పేసింది. తిరిగిన ఉషశ్రీ ఆగి, టెంపో వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

“ఇంగో మాట ఉండాది. ప్రదర్శనోల్లకు ఫొటోతో పాటు ఆచారి చెప్పిన కండ్ల కథ గూడా రాసి పంపినా. వాల్లకు శానా నచ్చింది. రిబ్బన్ వద్దంట. ప్రారంభం రోజు అయ్యవారితో పూజ చేపిచ్చి, టెంకాయ కొట్టి, ముఖ్య అతిథి చేతికి కుంచె ఇచ్చి, అందరి ముందర నందికి కండ్లు తెరిపిస్తారంట.”

“రెప్పలు?”

“తీసేయల్లంట.”

“వద్దంటే?”

“వద్దంటే గేటు ఇంగొకరికి. మనకు...” ఉషశ్రీ మాట మింగింది. “ముందు వరసలన్నీ నిండిపోయినాయంట. క్యాంటీన్ కాడ ఒకటి మిగిలింది.”

టెంపో లోపల్నుంచి జీవమ్మ తొంగిచూసింది. “ఏమంటాండారు? అరిచి చెప్పండే, మాకు గూడా!”

ప్రియదర్శిని టెంపో దగ్గరకు నడిచింది. “వాకిట్లో నిలబెడతారంటత్తా. మొదటి గేటు కాడ.”

జీవమ్మ రెండు చేతులూ పైకెత్తింది. “చూసినావా! శుక్రవారం మేమంతా అడిగింది ముందు వరస. ఆయన వాకిలే ఇచ్చినాడు. దెబోరాకు ఫోన్ చెయ్యి, ప్రార్థనకు జవాబొచ్చిందని చెప్పు.” తువ్వాలు మీదుగా ఎద్దు నుదురు నిమిరింది. “మచ్చోడా, విన్నావా?”

ప్రియదర్శిని టెంపో పలక పట్టుకుని అలాగే నిలబడింది.

“మల్లా నీ మొగమేంది, అట్లుండాది?”

డ్రైవరు హారన్ కొట్టాడు. ప్రియదర్శిని పైకెక్కి అత్త పక్కన కూర్చుంది. ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆ వేళ్ళకు ఇంకా చింతగింజల జిగురు అంటుకునే ఉంది.

“చెప్తా అత్తా,” అంది. “బండి కదలనీ.”

బండి కదిలింది.